బాణాల తమ్ముడు

నిన్న నువ్వు ఫోన్లో నా బొమ్మ ఆపి, ముక్కు పక్కన ఒక బాణం పెట్టి, దాని కింద ‘మా అమ్మమ్మ’ అని రాసి అందరికీ పంపావు చూడు, అప్పటి నుంచీ నాకు ఒక మనిషి గుర్తొస్తున్నాడు. చెబుతాను, రాసుకో. పేరు మాత్రం రాయొద్దు. పేరు ఊళ్ళో సగం మందికి తెలియనే తెలియదు. బాణాలాయన అనేవాళ్ళు. నేను తమ్ముడూ అనేదాన్ని. మీ తాతయ్య మాత్రం ‘ఆ చేపలాయన’ అనేవాడు. ఎందుకో చెబుతాను, తొందరపడకు.

అప్పుడు మీ అమ్మ పదో తరగతి. ఊరంతా పత్తి, అక్కడక్కడా మిరప. పత్తి మీద శనగపచ్చ పురుగు పడిన ఏళ్ళు అవి. ఒక మందు కొడితే చావదు, రెండు కలిపి కొడితే చావదు. పొద్దున్నే ఊళ్ళోకి గాలి వీస్తే కాఫీలో కూడా మందు వాసనే. ఒకరోజు మీ తాతయ్య మందు ట్యాంకు వీపున ఉండగానే చేలో కూలబడిపోయాడు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి నోటి వెంట నురగ, కళ్ళల్లో నల్లగుడ్డు ఆవగింజంత అయిపోయి ఉంది. ట్రాక్టరులో వేసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మూడో రోజుకి మనిషయ్యాడు. ఇంటికొచ్చిన పదో రోజున చూద్దును కదా, బావి దగ్గర కూర్చుని ట్యాంకు కడుక్కుంటున్నాడు.

“ఏందది?” అన్నాను.

“కనపడటంలా? ట్యాంకు.”

“మొన్న చావు తప్పి వచ్చావు!”

“అయితే ఏం చెయ్యమంటావే? నువ్వెళ్ళి చేలో నిలబడు, నీ మొహం చూసి పురుగు పారిపోద్దేమో చూద్దాం.”

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు ఊళ్ళో లేరు. నాకు ఒక్కటే కోరిక. ఆ ట్యాంకు మళ్ళీ ఆ వీపు మీదికి ఎక్కకూడదు. దానికి ఏం చెయ్యాలో తెలియక తిరుగుతున్న రోజుల్లో ఆ మనిషి మన ఊరొచ్చాడు.

ఆటోలో ఒక టీవీ, క్యాసెట్లు ఆడే పెట్టె, వాటి మధ్య ఒంటెలాగా ముడుచుకుని ఆయన. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. కొత్తపట్నం వైపు మనిషి, సముద్రం ఒడ్డు. వాళ్ళ నాన్న చర్చి బళ్ళో మాస్టారట. ఈయన ఒంగోల్లో పెళ్ళి క్యాసెట్లకి మిక్సింగ్ చేసేవాడు. అంటే వీడియో వాళ్ళు తీసుకొచ్చిన బొమ్మలన్నీ కోసి, అతికించి, పాటలూ పేర్లూ వెయ్యడం. ఎవరో రైతుల కోసం పనిచేసేవాళ్ళు పిలిచి, పెళ్ళిళ్ళు చాల్లే, పత్తి పురుగుల మీద ఆడవాళ్ళకి అర్థమయ్యేలా క్యాసెట్లు చెయ్యమని నరసరావుపేటలో గది ఇచ్చారు.

బళ్ళో కిటికీలకి గోతాలు కట్టి చీకటి చేసి టీవీ పెట్టాడు. ఇరవై మందిమి ఆడవాళ్ళం. గుమ్మంలో మగవాళ్ళు, ఆటపట్టించడానికి. మన పక్కింటి కోటేశ్వరమ్మ అప్పుడు మంచి వయసు మీద ఉంది, నోరు ఇంకా మంచి వయసు మీద ఉంది.

“ఏమయ్యా, సముద్రం ఒడ్డున పుట్టావంటగా. చేపల సంగతి చెప్పు, వింటాం. పత్తి సంగతి నువ్వు మాకు చెప్పేదేంది?”

“పత్తి సంగతి మీరే చెప్పాలండీ. నేను ఆపి చూపిస్తా, అంతే.”

నిజంగా అంతే చేశాడు. టీవీలో పత్తాకు గాలికి ఊగుతోంది. దాని మీద ఏదో పాకుతోంది. చేతిలో మీట నొక్కి, “ఆగు!” అన్నాడు, దూడని అదిలించినట్టు. ఆకు ఊగడం మానేసింది. పురుగు కాలెత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. బాణం లేదు, పేరు లేదు.

“ఏం కనపడుతోంది?” అని మావైపు తిరిగాడు.

ఒకామె పురుగు అంది. ఒకామె పేడ అంది. ఒకామె మొసలి పిల్లలా ఉందంది. నల్లగా, వీపు మీద నారింజరంగు మచ్చలతో అసహ్యంగా ఉంది. అందరూ అయ్యాక మీట నొక్కితే అప్పుడు వచ్చింది బాణం. పచ్చ బాణం. దాని తోక దగ్గర అక్షరాలు: మిత్ర పురుగు. అది ఎర్ర వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు పిల్లట. పైరుని ఏమీ చెయ్యదట. పైరుని తినే పేనుబంకని అది తింటుందట. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కనపడినదాన్నల్లా వేళ్ళతో నలిపేశాను. వేళ్ళు చీరకి తుడుచుకున్నాను.

“వందలు చంపేశాను తమ్ముడూ” అన్నాను. ఆ మాట అలా వచ్చేసింది, అప్పటి నుంచి తమ్ముడే అయ్యాడు.

“తెలియక నలిపారు అక్కా. రేపు నలపరుగా” అన్నాడు.

మిత్ర పురుగుకి పచ్చ బాణం, శత్రువుకి ఎర్ర బాణం. ముందు చూడాలి, పేరు తర్వాత. అదీ ఆయన పద్ధతి. పేరు ముందే చెబితే మీరు పేరే చూస్తారు, పురుగుని చూడరు అనేవాడు. కోటేశ్వరమ్మ ఊరుకుంటుందా? “మాలో చదువొచ్చినోళ్ళు ఇద్దరు. ఆ రాతలు ఎవరి కోసమయ్యా?” అంది.

“బాణం అందరికీ అర్థమవుద్దిగా అండీ. దాని తోక పట్టుకుని వెనక్కి నడవండి. అక్షరం దగ్గరికి మీరే వస్తారు.”

ఆమె సంగతేమో గానీ నేను వచ్చాను. నాకు ముందుగా వచ్చిన మాట అమ్మా కాదు, ఆవూ కాదు, మిత్ర. నలభై ఏళ్ళ వయసులో. తర్వాత ఒకసారి గుంటూరు వెళ్తే కొట్టు బోర్డు మీద ‘మి’ కనపడింది. గుంటూరు కదా, ఇది మిర్చే అయి ఉంటుందని పక్కనున్న ఆయన్ని అడిగితే అవునన్నాడు. బస్సులో ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను.

ఆయన వింతలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. మన ఇంట్లో మొదటిసారి భోజనానికి కూర్చున్నప్పుడు, విస్తరాకు వెయ్యగానే తిరగేసి అడుగున చూశాడు. పురుగులు ఆకు అడుగునే కదా ఉండేది, అలవాటైపోయింది. మా అత్తగారు చూసి, “మా ఆకులు కడిగినవే నాయనా” అని నొచ్చుకుంది. ఆయన ముఖం కందగడ్డ అయింది. ఆ రోజు సిగ్గుకొద్దీ వద్దనకుండా నాలుగుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

జేబు నిండా విరిచిన చీపురుపుల్లలు ఉండేవి. చేలో ఏ మొక్క మీదైనా చూడదగ్గది కనపడితే దాని పక్కన ఒక పుల్ల గుచ్చి, కొన దానివైపు వంచేవాడు. నోటితో చెప్పడు. మనమే వెళ్ళి వంగి చూడాలి. మీ తాతయ్య గట్టు మీద నిలబడి, “ఆ చేపలాయన చేనంతా చీపురు నాటాడే, చీపురు పంటకి రేటెంతో కనుక్కో” అనేవాడు.

పెళ్ళి క్యాసెట్ల కబుర్లు చెప్పేవాడు. అక్కడా ఇవే బాణాలట. జనంలో బొమ్మ ఆపి, ‘పెళ్ళికూతురి పెదనాన్న’ అని ఒక బాణం, ‘పెళ్ళికొడుకు మేనత్త’ అని ఒక బాణం. “ఒకసారి పెళ్ళికొడుకు మేనమామకి పెద్ద బాణం, పెళ్ళికూతురి మేనమామకి చిన్న బాణం పడిందక్కా. క్యాసెట్ తీసుకొచ్చి నా మొహాన కొట్టారు. పురుగులు నయం. ఎంత బాణం వేసినా అలగవు.”

నేను మీ తాతయ్య దగ్గర ఒక మాట తీసుకున్నాను. మనకి ఉన్నది రెండున్నర ఎకరాలు. డొంక పక్క ఎకరం నాకు వదిలెయ్, మందు చుక్క పడనివ్వను, పురుగు నేను చూసుకుంటానన్నాను. ఆయన ఆలోచించి, “సరే. నీ ఎకరం నిలబడితే వచ్చే ఏడు ట్యాంకు ముట్టుకోను. పోయిందా, ఇక ఈ సంగతి మీద నోరెత్తకూడదు” అన్నాడు. కోటేశ్వరమ్మ సాక్షి.

ఇక చూసుకో. పొద్దున లేస్తే వేపగింజలు దంచడం, పచ్చిమిర్చీ వెల్లుల్లీ నూరి కషాయం కాయడం. చేతులు మండి అన్నం స్పూనుతో తినేదాన్ని. మొక్క మొక్కకీ వంగి ఆకు తిరగేసి, ఎర్ర బాణం వాటిని ఏరి కిరసనాయిలు డబ్బాలో వెయ్యడం, పచ్చ బాణం వాటిని వదిలెయ్యడం. నా కళ్ళకి ఆకుల మీద నిజంగానే బాణాలు కనపడేవి. గూడ, అంటే పూమొగ్గ, పడేనాటికి నా ఎకరం మీ తాతయ్య చేనుకి ఏమీ తీసిపోకుండా ఉంది. ఆయన అటు చూడనట్టు చూసి వెళ్ళేవాడు.

అప్పుడు వచ్చింది రెండో క్యాసెట్.

దాన్లో చాలా చిన్న పురుగులు. కంటికి నలుసంత ఉన్నవాటిని అద్దం పెట్టి పెద్దవి చేసి తీశాడు. ఆకుపచ్చ పురుగు ఒకటి కనపడింది, కాళ్ళు లేనిది. ఆగింది. పచ్చ బాణం, మిత్ర పురుగు. బొమ్మ కదిలింది. ఇంకో ఆకుపచ్చ పురుగు, మొగ్గ మీద. పచ్చ బాణం, మిత్ర పురుగు. తర్వాత వేరే ఏవో. ఈ క్యాసెట్ గబగబా అయిపోయింది. ఆ రోజు ఇంకో రెండు ఊళ్ళలో వెయ్యాలని ఆయన కూడా తొందరగా వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి మొగ్గల మీద ఆ సన్నటి పచ్చ పురుగులు కనపడితే నేను వదిలేశాను. ఒకరోజు కాదు, నాలుగు రోజులు. మూడో రోజున ఒకటి మొగ్గని గీకుతున్నట్టు అనిపించింది. నా కళ్ళు నాకు చెబుతూనే ఉన్నాయమ్మాయ్. కానీ తమ్ముడు పచ్చ బాణం వేశాడు కదా, నాకంటే ఆయనకి తెలియదా అనుకున్నాను. నాలుగో రోజుకి మొగ్గలకి బెజ్జాలు. కింద పిందెలూ గూడలూ రాలి పడి ఉన్నాయి.

మీ తాతయ్య వచ్చి చూశాడు. ఇంటికెళ్ళి ట్యాంకు తీసి బావి దగ్గర పెట్టుకుని, “రేపు నీ ఎకరం కూడా కొడతా” అన్నాడు.

నేను ఆ పురుగులున్న రెబ్బలు విరిచి, తడి గుడ్డలో చుట్టుకుని నరసరావుపేట బస్సెక్కాను. ఆయన గది మేడ మీద. టీవీలు రెండు, కంప్యూటరు, చుట్టూ వైర్లు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“రండక్కా, ఒక్కరే వచ్చారేంటి?”

గుడ్డ విప్పి ఆయన బల్ల మీద పడేశాను. “ఇదేనా నీ మిత్రుడు?”

ఆయన వంగి చూశాడు. “ఇది శనగపచ్చ పిల్ల కదక్కా. ఎర్ర బాణం వేశాగా.” ఎదిగిన శనగపచ్చనైతే నేను ఆనవాలు పట్టేదాన్ని, నలుసంత పిల్లని ఎరగను.

“వెయ్యలేదు.”

“వేశానక్కా.”

“నాకు రెండు మాటలే చదవటం వచ్చు తమ్ముడూ. ఆ రెండూ నువ్వు నేర్పినవే. అక్కడ మిత్ర అని ఉంది.”

క్యాసెట్ పెట్టాడు. కాళ్ళు లేని పురుగు వచ్చింది, ఆగింది, పచ్చ బాణం వచ్చింది. బొమ్మ కదిలింది. మొగ్గ మీద శనగపచ్చ పిల్ల వచ్చింది. పచ్చ బాణం అలాగే ఉంది. ఆయన మీట నొక్కి ఆపాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు.

“బొమ్మ పోయిందక్కా, బాణం ఉండిపోయింది” అన్నాడు.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. క్యాసెట్ బారెడుందని, తగ్గించమని పైవాళ్ళు అన్నారట. ఎక్కడెక్కడ బొమ్మ ఆపాడో అక్కడల్లా ఆపిన సమయం తగ్గించాడు. బొమ్మ వేరు, దాని మీద బాణం వేరు, రెండూ విడివిడిగా పరుస్తారట. కింద బొమ్మని కుదించాడు, ఆ ఒక్కచోట పైన బాణాన్ని కుదించడం మరిచిపోయాడు. దాంతో బాణం పక్క బొమ్మ మీదికి జారింది. ఎర్ర బాణం దాని వెనకాల ఎక్కడో, బొమ్మ అయిపోయాక, రెప్పపాటు మెరిసి పోయింది.

“పైవాళ్ళు తగ్గించమంటేనే కదా ఇట్టా అయింది” అన్నాను, ఆయన మొహం చూడలేక.

“వాళ్ళు బొమ్మ తగ్గించమన్నారు. చూసుకోవాల్సింది నేను” అన్నాడు. కంప్యూటరు కట్టేసి, గదికి తాళం వేసి, “పదండి” అన్నాడు.

“యాడికి?”

“బావగారి దగ్గరికి.”

“వద్దయ్యా, ఆయన సంగతి నీకు తెలియదు.”

“తెలుసు కాబట్టే.”

మేం వెళ్ళేసరికి మీ తాతయ్య మందు డబ్బా మూత తీస్తున్నాడు. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. మా ఎకరం సంగతి అప్పటికే ఊరంతా పాకింది. ఈయన వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

“తప్పు నాది బావగారూ. అక్క నేను చెప్పినట్టే చేసింది. నేను బాణం తప్పు వేశాను.”

“చేపలకి వేసుకోవయ్యా బాణాలు. మా చేను మీద ఎందుకు వేశావు?” అన్నాడు మీ తాతయ్య. ఎవరో నవ్వారు.

“నిజమే. రెండు రోజులు టైమివ్వండి. ఏరేస్తాం. ఆ తర్వాత మీ ఇష్టం.”

“ఎవరు ఏరేది? నీ కంప్యూటరా?”

ఆయన ప్యాంటు మడిచి చేలోకి దిగాడు. నేనూ దిగాను. కాసేపటికి చూస్తే కోటేశ్వరమ్మ పక్క సాలులో ఉంది. “నేనూ ఆ క్యాసెట్ చూసినదాన్నే కదా, నా చేనూ ఇంతేగా” అని గొణుగుతూనే ఏరింది. మీ అమ్మ బడి నుంచి వచ్చి దిగింది. మొక్క కింద గుడ్డ పరచడం, దులపడం, రాలినవి ఏరడం. మర్నాడు కూడా అంతే. ఆయన చేతులు సున్నితం, మెటికల దగ్గర పగిలి నెత్తురు వచ్చింది. ఒక పుల్ల కూడా గుచ్చలేదు.

మూడో రోజున వెళ్ళిపోతూ ఉంటే, క్యాసెట్ మార్చి పంపిస్తే సరిపోతుంది కదా అన్నాను. లేదన్నాడు. తొమ్మిది ఊళ్ళలో వేశాడట. ప్రతి ఊరూ వెళ్ళాడు. అదే క్యాసెట్ పెట్టి, అదే చోట ఆపి, టీవీ పక్కన నిలబడి, “ఇక్కడ నేను తప్పు చేశాను, చూడండి” అని చూపించాడు. ఒక ఊళ్ళో నోటికొచ్చినట్టు తిట్టారట. ఒక ఊళ్ళో టీవీ తీసుకెళ్ళనివ్వలేదట. మన బళ్ళో చెప్పిన రోజున గుమ్మం దగ్గర మగవాళ్ళలో మీ తాతయ్య కూడా ఉన్నాడు. చివరిదాకా ఉన్నాడు.

నా ఎకరం నిలబడిందా అంటే, పూర్తిగా నిలబడలేదు. మొదటి కాపు పోయింది. రెండో కాపు వచ్చింది. ఏ రకంగా చూసినా నేను ఓడిపోయినట్టే. నోరెత్తకూడదన్న మాట ప్రకారం నేను నోరెత్తలేదు. మళ్ళీ ఏరువాక వచ్చింది, విత్తనాలు పడ్డాయి, మొలక లేచింది. ఈ రోజు ట్యాంకు దించుతాడా, రేపు దించుతాడా అని గుండె గుప్పిట్లో పెట్టుకుని ఉన్నాను. ఒకరోజు అన్నం తింటూ తలెత్తకుండా, “వేపగింజలు ఎన్ని కావాలే ఎకరానికి?” అన్నాడు.

నేను గరిటె పట్టుకుని ఆయన వైపు చూశాను.

“ఏంది అట్టా చూస్తావు? మందు కంపెనీవోడు ఎప్పుడన్నా వచ్చి మా మందు పనిచెయ్యలేదు, తప్పు మాదేనని చెప్పాడా? చెప్పినోడి మాట ఇంకో ఏడు విందాం.”

ఆ ఇంకో ఏడు ఇంకో ఏడయింది, ఇంకో ఏడయింది. ట్యాంకు పాకలో తుప్పుపట్టింది. కానీ ఈ మాట ఆయన ఆ తమ్ముడితో ఎప్పుడూ అనలేదు. తమ్ముడు వస్తే, “ఏమయ్యా చేపలాయనా, సముద్రంలో నీళ్ళున్నాయా?” అనేవాడు. ఆయన నవ్వేవాడు. అంతవరకే.

తర్వాత కొత్త రకం విత్తనాలొచ్చాయి. పురుగే పట్టదన్నారు. బాణాల పని అయిపోయింది. నరసరావుపేట గది ఖాళీ చేశారు. వెళ్ళిపోయే ముందు చెప్పడానికి వచ్చాడు. మీ తాతయ్య చేలో ఉన్నాడు, పిలుచుకొస్తానంటే బస్సు టైమైందన్నాడు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఒంగోలు పెళ్ళిళ్ళకే. ఆయన వెళ్ళాక ఎంత వెలితిగా ఉండేదో. చేలో ఏదైనా కొత్త పురుగు కనపడితే వేలితో దానివైపు చూపిస్తూ నిలబడిపోయేదాన్ని, పక్కన ఎవరూ లేకపోయినా. నా జీవితంలో నన్ను, నీకేం కనపడుతోంది అని అడిగిన మనిషి ఆయనొక్కడే. మిగతా అందరూ నాకు చెప్పినవాళ్ళే.

మీ అమ్మ పెళ్ళి కుదిరినప్పుడు, శుభలేఖలు రాగానే మీ తాతయ్య, “ముందు కొత్తపట్నం పోయొద్దాం పద” అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. వీడియో ఆయన చేతే తీయిద్దామన్నాడు. ఒక సంచిలో కొత్త ఎండుమిరపకాయలు పోసుకున్నాడు. ఒంగోల్లో బస్సు మారి, అడుక్కుంటూ అడుక్కుంటూ వెళ్ళాం. ఇసకలో ఇల్లు. వసారాలో ఆయన ఫోటో. దానికి దండ వేసి ఉంది.

కామెర్లట. ఎనిమిది నెలలయిందట. ఎవరు చెబుతారు మనకి? మనం ఎవరం?

ఆయన భార్య బయటికొచ్చి నిలబడింది. సన్నటి మనిషి. మమ్మల్నీ, చేతిలో శుభలేఖనీ, సంచినీ చూసింది. “ఎవరండీ మీరు? పెళ్ళి వీడియో కోసం వచ్చారా?” అంది.

నేను ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. పురుగుల క్యాసెట్లు అంటే ఆమెకి తెలుసో తెలియదో. అక్కని అంటే ఏ అక్క అంటుందో.

మీ తాతయ్య సంచి కింద పెట్టాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. “మందు కొట్టీ కొట్టీ చచ్చిపోవాల్సినోణ్ణమ్మా” అన్నాడు. “మీ ఆయన వల్ల బతికున్నా. ఆ మాట చెబుదామని వచ్చా.”

ఆమె లోపలికి వెళ్ళి కుర్చీలు తెచ్చి వేసింది. మీ తాతయ్య కూర్చోలేదు. ఫోటో ఎదురుగా, ఆ చెప్పిన మాట ఎవరైనా విన్నారా అన్నట్టు, అలాగే నిలబడి ఉన్నాడు.